మా పత్తి గెంతడం మానేసింది: మచ్చికైందా, ఒంట్లో బాగోలేదా?

పత్తిపువ్వు_రాయగడ | మార్చి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. మా అమ్మాయి ఏడో తరగతి. ఏడాదిన్నర కిందట సంతలో పట్టుబట్టి ఒక కుందేలు పిల్లను కొనిపించుకుంది. తెల్లది, ఎర్ర కళ్లు, ఆడది. పత్తి అని పేరు పెట్టింది.

ఇదివరకు సాయంత్రం ఐదున్నర అయ్యిందంటే పత్తి వసారాలో ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగు. పరుగు మధ్యలో గాల్లోకి ఎగిరి, తల ఒక పక్కకు, వెనక కాళ్లు ఇంకో పక్కకు విసిరేది. ఎత్తుకోబోతే గింజుకుని గోళ్లతో చీరేసేది. పది రోజులుగా ఆ పరుగు లేదు. గంప పక్కన మూల చూసుకుని ముడుచుకుని కూర్చుంటోంది. ఎత్తుకుంటే గింజుకోవడం లేదు, ఒళ్లో అలాగే ఉండిపోతోంది. మా ఇంట్లో వాళ్లందరికీ సంతోషమే. "ఇన్నాళ్లకు మచ్చికైంది" అని మా ఆయన, "పెద్దదైంది, బుద్ధొచ్చింది" అని మా అత్తగారు.

నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. ఆ కూర్చునే తీరు చూస్తుంటే జ్వరమొచ్చినప్పుడు మా అమ్మ మంచం అంచున కూర్చునేది గుర్తొస్తోంది. తిండి మానలేదు, బిస్కెట్ పెడితే తింటోంది. నేనే ఊరికే టెన్షన్ పడుతున్నానా? తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం_తమ్ముడు | మార్చి 9, రాత్రి 10:15

అక్కా, మాది కూడా ఏడాది దాటాక నెమ్మదించింది. పిల్లప్పటి దూకుడు ఎప్పుడూ ఉండదు కదా. తింటోంది అంటున్నారు, కంగారు పడకండి.

పర్లాకిమిడి_మాస్టారు | మార్చి 10, ఉదయం 5:50

అమ్మా, తమ్ముడు ధైర్యం చెప్పాడు, మంచిదే. కానీ మీ మనసు ఎందుకు ఒప్పడం లేదో నాకు అర్థమైంది. పద్దెనిమిదేళ్లుగా కుందేళ్లను పెంచుతున్నాను, అందుకని కొంచెం ఎక్కువే రాస్తాను.

పెద్దదయ్యే కొద్దీ కుందేలు నెమ్మదించడం నిజమే. కానీ అది నెలల మీద జరుగుతుంది. పది రోజుల్లో స్వభావం మారిపోయిందంటే అది వయసు కాదు. కుక్కకు నొప్పి పుడితే కుయ్యిమంటుంది. కుందేలు అందరికీ ఆహారమయ్యే జంతువు. నక్క చూస్తుందని, డేగ చూస్తుందని, నొప్పిని పైకి తెలియనివ్వకుండా దాచుకోవడం దాని రక్తంలో ఉంది. పైకి కనిపించేసరికి లోపల చాలా రోజులు గడిచిపోయి ఉంటాయి.

నా మొదటి కుందేలు అలాగే పోయింది. గోధుమ రంగుది. ఒక వారం ఎంతో సాధువుగా ఉంది. బడి నుంచి వచ్చి ఒళ్లో పెట్టుకుని పేపర్లు దిద్దేవాణ్ణి. దానికి నా మీద ప్రేమ కుదిరిందని మురిసిపోయాను. ఎనిమిదో రోజు తెల్లారేసరికి చనిపోయి ఉంది. గింజుకునే ఓపిక లేకే అది ఒళ్లో కూర్చుందని తర్వాత తెలిసింది. ఇన్నేళ్లయినా ఆ వారం మర్చిపోలేదు.

మూడు సంగతులు చూసి చెప్పండి. మొదటిది, పెంటికలు. నిన్నటివీ ఇవాళ్టివీ అరచేతిలో వేసుకుని చూడండి. రెండోది, ఒకేసారి గరిక, కొత్తిమీర, బిస్కెట్ ముందు పెట్టి దేని దగ్గరకు ముందు వెళ్తుందో, దాన్ని ఎంతసేపు నములుతుందో చూడండి. మూడోది, గడ్డం కింద వేలు పెట్టి తడి ఉందేమో చూడండి.

సిరొంచ_ప్రాణహిత | మార్చి 10, ఉదయం 8:20

అక్కా, మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా దిక్కు చెవులపిల్లి అంటాం. మా ఇంట్లో ఇప్పుడు నాలుగున్నాయి.

మీరు రాసిన ఆ గాల్లో మెలి తిరగడం కుందేలు సంతోషానికి తిరుగులేని గుర్తు. దాన్ని ఎవరూ నేర్పలేరు, బలవంతంగా చేయించలేరు. అది ఆగిపోయిందంటే పట్టించుకోవాల్సిందే. ఇంకోటి ఉంది, ధడాలున పక్కకు పడిపోవడం. మొదటిసారి చూసినప్పుడు మా వదిన గుండె ఆగినంత పనైంది, చచ్చిపోయిందనుకుంది. అది నిశ్చింత. తన చోటు భద్రమని నమ్మకం ఉంటేనే కుందేలు పొట్ట పక్కకు చూపించి పడుకుంటుంది. కాళ్లు వెనక్కి చాపి పడుకున్నా అంతే.

పడుకునే తీరుకూ ముడుచుకునే తీరుకూ తేడా చూడండి. హాయిగా ఉంటే ముందు కాళ్లు ఛాతీ కింద దాచుకుని రొట్టెముద్దలా కూర్చుంటుంది, ఒళ్లు వదులుగా ఉంటుంది, ముక్కు నెమ్మదిగా కదులుతుంది. నొప్పి ఉంటే వీపు గూనిలా లేస్తుంది, పొట్ట నేలకు ఆనకుండా పైకి పట్టుకుంటుంది, కళ్లు సగం మూతపడతాయి. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. దగ్గర కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

పత్తిపువ్వు_రాయగడ | మార్చి 10, రాత్రి 8:55

మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. చేతులు వణుకుతున్నాయి రాస్తుంటే.

పెంటికలు ఇదివరకు శనగ గింజంత, గుండ్రంగా, వేలితో నలిపితే గడ్డి పొడిలా రాలేవి. ఇవాళ్టివి మిరియాలంత ఉన్నాయి, నల్లగా గట్టిగా ఉన్నాయి. కొన్ని వెంట్రుకతో దండ గుచ్చినట్టు ఒకదానికొకటి వేలాడుతున్నాయి. రోజూ నేనే ఊడుస్తున్నాను, చీపురుతో నెట్టేయడమే తప్ప ఒక్కరోజూ వంగి చూడలేదు.

గరిక, కొత్తిమీర, బిస్కెట్ మూడూ పెట్టాను. గరిక వాసన చూసి వదిలేసింది. కొత్తిమీర దగ్గరకు ఆశగా వచ్చింది. కాడ నోట్లోకి తీసుకుంది, రెండుసార్లు నమిలింది, తల పక్కకు వంచింది, కాడ జారి కింద పడింది. మళ్లీ తీసుకుంది, మళ్లీ పడింది. నాలుగుసార్లు. దానికి తినాలని ఉంది, తినలేకపోతోంది. బిస్కెట్ మాత్రం నోట్లో నానబెట్టుకుని మింగింది.

గడ్డం కింద జుట్టు తడిగా, అట్టకట్టి ఉంది. మా అమ్మాయి చూసి నీళ్లు తాగి ఉంటుందిలే అంది. నీళ్లు కాదు, జిగురుగా ఉంది.

వెటర్నరీ_గుణుపురం | మార్చి 10, రాత్రి 9:30

అక్కా, మాది గుణుపురం. వెటర్నరీ నాలుగో ఏడు చదువుతున్నాను. చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదు, కానీ మీరు రాసినవన్నీ దవడ పళ్ల వైపే చూపిస్తున్నాయి. రేపే చూపించండి, ఎల్లుండికి వాయిదా వేయొద్దు.

కుందేలుకు 28 పళ్లు. అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరిగి సమంగా ఉంటాయి. మెత్తటి తిండి ఎక్కువై గడ్డి తగ్గితే దవడ పళ్ల అంచుల్లో ముళ్లలా పెరుగుతాయి. పై పళ్లవి బుగ్గలోకి, కింది పళ్లవి నాలుకలోకి గుచ్చుకుంటాయి. అప్పుడే చొంగ కారుతుంది, నోట్లోకి తీసుకున్న ఆకు జారిపోతుంది.

అసలు ప్రమాదం పళ్లతో ఆగదు. నొప్పికి తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది. పెంటికలు చిన్నవైపోవడం దానికి గుర్తు. కుందేళ్లు వాంతి చేసుకోలేవు. పేగు పూర్తిగా ఆగిపోతే గ్యాస్ పట్టి గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది. ఏ కుందేలైనా 12 గంటలు ఏమీ తినలేదంటే, పెంటిక వేయలేదంటే, అర్ధరాత్రయినా దాన్ని అత్యవసరంగానే చూడాలి.

ముఖం కూడా చూడండి. 2012లో పరిశోధకులు కుందేలు ముఖాన్ని బట్టి నొప్పిని అంచనా వేసే కొలమానం ఒకటి తయారుచేశారు. అందులో చూసేవి ఐదు: కళ్లు ఎంత మూతపడ్డాయి, బుగ్గలు ఎంత లోపలికి పోయాయి, ముక్కు రంధ్రాల ఆకారం, మీసాలు, చెవులు. వీలైతే ఇప్పుడే ఫోన్‌లో ఒక పక్క నుంచి ఫోటో తీయండి. ఫ్లాష్ వేయకండి. మీరు ఎదురుగా ఉంటే అది బాగున్నట్టు నటిస్తుంది. ఫోన్ గోడకు ఆనించి వీడియో పెట్టి బయటికి వచ్చేయండి.

ధర్మాబాద్_మిర్చి | మార్చి 10, రాత్రి 10:05

అక్కా, మా అమ్మ మేకలకు కడుపు కదలకపోతే వాము నీళ్లు పడుతుంది. రెండు రోజులు అది చేసి చూస్తే?

వెటర్నరీ_గుణుపురం | మార్చి 10, రాత్రి 10:20

అన్నా, మేకది నాలుగు గదుల పొట్ట, కుందేలుది వేరు. దాని గడ్డి పులిసేది వెనక పేగులో. ఇప్పుడు నోట్లో ఏది బలవంతంగా పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నొప్పి నోట్లో ఉంది కాబట్టి వాముతో అది తగ్గదు, రెండు రోజులు మాత్రం పోతాయి.

ఈ సందర్భంలోనే అందరికీ ఒక మాట. ఇంట్లో మిగిలిన మనుషుల మందులు పెట్టకండి. ముఖ్యంగా అమోక్సిసిలిన్. పిల్లలకు వాడిన సిరప్ ఫ్రిజ్‌లో ఉంటుంది, జలుబు చేసింది కదా అని కుందేలుకు పోస్తారు. నోటి ద్వారా ఇస్తే దాని పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విరేచనాలు పట్టుకుని చనిపోతుంది. కుక్కలకు పేల కోసం కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేలుకు విషమే. ఈ రెండింటి వల్ల పోయిన కుందేళ్ల గురించి మా క్లాసులో విన్నప్పుడల్లా బాధనిపిస్తుంది, పెట్టినవాళ్లంతా ప్రేమతోనే పెట్టారు.

ధర్మాబాద్_మిర్చి | మార్చి 10, రాత్రి 10:26

తెలియక అన్నాను చెల్లీ. మంచిమాట చెప్పావు.

పత్తిపువ్వు_రాయగడ | మార్చి 11, మధ్యాహ్నం 2:10

రాత్రి వీడియో పెట్టాను. గంటంబావు. నేను గదిలో ఉన్నంతసేపు చెవులు నిలబెట్టే ఉంది. తలుపు వేసిన రెండు నిమిషాలకు చెవులు వీపు మీదకు వాలిపోయాయి, కళ్లు చీలికల్లా అయ్యాయి, మీసాలు బిగుసుకున్నాయి. మధ్యమధ్యలో పళ్లు కొరుకుతున్న చప్పుడు, మరమరాలు నమిలినట్టు గట్టిగా. ఇదివరకు తల నిమిరితే కూడా పళ్లు ఆడించేది, కానీ అది మెత్తగా, గొంతులో గురగురలాడినట్టు ఉండేది. ఇది వేరే.

పొద్దున్నే ఊళ్లో చూపించాం. పెదవి ఎత్తి ముందు పళ్లు చూశారు, బాగానే ఉన్నాయన్నారు. ఎండకు నీరసించింది, గ్లూకోజ్ ఇవ్వమన్నారు. దవడ పళ్లు చూడమని అడిగాను, అంత లోపలికి చూసే పరికరం లేదన్నారు. వాళ్లను తప్పుపట్టను, రోజంతా ఆవులూ మేకలే వాళ్లకు. కానీ నాకిప్పుడు ఏం చేయాలో తోచడం లేదు.

వెటర్నరీ_గుణుపురం | మార్చి 11, మధ్యాహ్నం 2:45

అక్కా, ముందు పళ్లు చక్కగా ఉండి లోపలి పళ్లు పాడవడం మామూలే. చిన్న లైటు గొట్టం పెట్టి చూడాలి, అప్పుడు కూడా మత్తు ఇస్తే తప్ప మొత్తం కనబడదు. కుందేళ్లకు మత్తిచ్చే అలవాటున్న చోటికే వెళ్లండి. మీకు రైలుకు విశాఖపట్నం సులువు. ఆ వైపే విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది. ఇటువైపు భువనేశ్వర్‌లో ఉంది కానీ మీకు దూరం. ఎక్కడికైనా ముందే ఫోన్ చేసి "కుందేలు దవడ పళ్లు సరిచేస్తారా" అని ఒక్క ప్రశ్న అడగండి.

ఎవరైనా "రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా తీసుకురండి" అంటే మళ్లీ అడిగి ఖాయం చేసుకోండి. కుక్కకూ పిల్లికీ మత్తుకు ముందు ఉపవాసం ఉంచుతారు. కుందేలు వాంతి చేసుకోదు, దాని పేగు ఖాళీగా ఉండకూడదు. అందుకే ఉపవాసం పెట్టరు.

బల్లార్షా_బాబాయ్ | మార్చి 11, మధ్యాహ్నం 3:30

అమ్మా, ప్రయాణం గురించి నేను చెప్తాను. మా చాందా (చంద్రపూర్) జిల్లా ఎండలు తెలుసు కదా, మేలో 45 దాటే రోజులు మామూలు. ఈ ఎండల్లోనే కుందేళ్లను నాగపూర్ దాకా తీసుకెళ్లి వచ్చినవాణ్ణి.

కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడి చెవుల్లోంచే పోవాలి. అందుకే చెవి ముట్టుకుంటే సగం సంగతి తెలుస్తుంది. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. కాలుతూ, నరాలు ఎర్రగా ఉబ్బి, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే వడదెబ్బే. అప్పుడు చల్లటి నీళ్లలో ముంచకండి, ఆ అదురుకే గుండె ఆగుతుంది. తడిగుడ్డతో చెవులు తుడవండి. చెవులు మంచులా చల్లబడి, మనిషి, అదే కుందేలు, వాలిపోతే అది కూడా ప్రమాదమే. పేగు ఆగిన కుందేలు ఒళ్లు చల్లబడుతుంది.

తెల్లవారు రైలే ఎక్కండి. గాలి ఆడే బుట్ట, అడుగున గోనెపట్టా, దాని మీద అది రోజూ పడుకునే గుడ్డ ఉతక్కుండా వేయండి. దాని వాసన దానికి ధైర్యం. నీళ్ల సీసా గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, ఒక మూల పెట్టండి. కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది. బుట్ట మీద పలచటి గుడ్డ కప్పండి. ప్లాట్‌ఫాం మీద కుక్క కనిపించినా కుందేలుకు గుండె దడే. చెవులు పట్టుకుని ఎవరినీ ఎత్తనివ్వకండి, వెనక కాళ్ల కింద చెయ్యి ఉండాల్సిందే. గాల్లో తన్నుకుంటే దాని వెన్ను అదే విరగ్గొట్టుకుంటుంది.

పత్తిపువ్వు_రాయగడ | మార్చి 11, సాయంత్రం 6:15

రేపు తెల్లవారు బండికి విశాఖ వెళ్తున్నాం. ఫోన్ చేశాను, చేస్తామన్నారు, తిండి ఆపొద్దన్నారు. అందరికీ చేతులెత్తి దండం.

బరంపురం_తమ్ముడు | మార్చి 12, ఉదయం 11:00

అక్కా, కంగారు పడకండి అని నేను తొందరపడి రాశాను. క్షమించండి. రాత్రే మా దాని పెంటికలు చూశాను, బాగున్నాయి. పత్తి కోసం ఎదురుచూస్తున్నాం.

ఈలోగా మాస్టారిని ఒకటి అడగనా? మాది మగది. నా కాళ్ల చుట్టూ గుండ్రంగా తిరుగుతూ గుర్రుమన్నట్టు చప్పుడు చేస్తోంది, మంచం కోళ్లకూ, నా చెప్పులకూ గడ్డం రుద్దుతోంది. నిన్న కాలు కూడా కొరికింది. కోపమా?

ఇంకోటి. పోయినసారి బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రకు మా వీధిలో రోజుల తరబడి డప్పులు. ఇది రాత్రంతా వెనక కాలితో నేలను ధన్ ధన్‌మని కొట్టింది. ఈసారి ఏం చేయాలి?

పర్లాకిమిడి_మాస్టారు | మార్చి 12, మధ్యాహ్నం 12:30

నాయనా, కోపం కాదు. దాని గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి, రుద్దితే "ఇది నాది" అని ముద్ర వేసినట్టు. నీ వాసన దానికి తెలుస్తుంది, దాని వాసన మనకు తెలియదు. కాళ్ల చుట్టూ తిరగడం, ఆ చప్పుడు, అప్పుడప్పుడూ కొరకడం జత కోసం. మగదానికి వయసొచ్చిందంతే. డాక్టరు చేత ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుంది. కొట్టడం, ముక్కు మీద వేలితో కొట్టడం ఎప్పుడూ చేయకు. కుందేలు ఆ చేతిని నెలల తరబడి గుర్తుపెట్టుకుంటుంది.

కాలితో నేలను కొట్టడం అడవిలో తోటివాళ్లకు "శత్రువొచ్చాడు, బొరియలోకి పదండి" అని చాటింపు. మీ ఇంట్లో దాని తోటివాడివి నువ్వే. రాత్రంతా చాటింపు వేసిందంటే రాత్రంతా భయపడిందని. ఈసారి వీధికి దూరంగా ఉన్న గదిలోకి మార్చు, రెండు వైపులా దారి ఉన్న అట్టపెట్టె ఒకటి పెట్టు. ఒకే దారి ఉంటే అది బొరియ కాదు, బోను అవుతుంది. పక్కనే నేల మీద పడుకో. నువ్వు నిశ్చింతగా పడుకోవడం కూడా దానికి ఒక కబురే.

ధర్మాబాద్_మిర్చి | మార్చి 12, మధ్యాహ్నం 1:15

మా ఆడది నిన్నటి నుంచి గొంతు కింద జుట్టు తనే పీక్కుని గడ్డితో కలిపి గూడు కడుతోంది. మగదాని దగ్గరకు పోలేదు. దగ్గరకు వెళ్తే మీదకొస్తోంది. జబ్బా?

సిరొంచ_ప్రాణహిత | మార్చి 12, మధ్యాహ్నం 1:50

అన్నా, ఉత్తుత్తి చూలు. రెండున్నర వారాల్లోపు తనంతట తగ్గుతుంది. గూడు చెడగొట్టకండి, ఏడ్చినట్టే ఉంటుంది దానికి. నిజం చూలైతే నెల రోజులకు ఈనుతుంది. మాటిమాటికీ ఇలా వస్తుంటే గర్భసంచి తీయించండి. వయసు మళ్లిన ఆడ కుందేళ్లలో అక్కడ క్యాన్సర్ ఎక్కువ.

మీ వైపు జొన్న చేలు కదా, లేత జొన్న పైరు మాత్రం కోసి పెట్టకండి. పశువులకు ఎలా విషమో దీనికీ అంతే. పత్తి, మిర్చి చేల గట్ల మీద గడ్డి కూడా వద్దు, మందు కొట్టి ఉంటారు. మేం ప్రాణహిత ఒడ్డు నుంచి గరిక తెచ్చి, కడిగి, ఆరబెట్టి వేస్తాం.

ఇంకోమాట ఇక్కడే చెప్పేస్తాను. మా దిక్కు పొలం పనులప్పుడు అడవి చెవులపిల్లి పిల్లలు దొరికాయని పిల్లలు ఇంటికి తెస్తారు. అది మనం పెంచుకునే కుందేలు కాదు, జాతే వేరు. పట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పైగా అది ఇంట్లో బతకదు, భయంతోనే పోతుంది. తల్లి రోజంతా దగ్గర ఉండదు, పాలివ్వడానికి కాసేపు వచ్చి పోతుంది. పిల్ల ఒంటరిగా ఉందని తెచ్చేస్తే తల్లి వచ్చి వెతుక్కుంటుంది. దొరికిన చోటే వదిలేయాలి.

పత్తిపువ్వు_రాయగడ | మార్చి 13, రాత్రి 10:40

ఇంటికొచ్చాం. పత్తి బతికే ఉంది.

మత్తిచ్చి నోరు తెరిచి చూశారు. కింది దవడలో ఎడమ పక్కన రెండు పళ్లు ముల్లులా లోపలికి పెరిగాయి, నాలుక పక్కన పుండు పడింది. డాక్టరమ్మ ఫోటో తీసి నాకు చూపించారు. వడ్లగింజ మొనంత ఉంది ఆ ముల్లు. దానితో పది రోజులకు పైగా ప్రతి మెతుకూ నమిలింది. చూసి అక్కడే ఏడ్చేశాను.

ముళ్లు అరగదీశారు. నొప్పి తగ్గడానికి, పేగు కదలడానికి మందులిచ్చారు. పెల్లెట్లు (కుందేలు దాణా గుళికలు) నానబెట్టి పేస్టులా చేసి, సిరంజితో పెదవి పక్క నుంచి కొంచెం కొంచెం పెట్టమన్నారు. పొట్ట బిగిసి ఉంటే మాత్రం ఆపి ఫోన్ చేయమన్నారు. బిస్కెట్లు పూర్తిగా బంద్. మేం రోజుకు నాలుగైదు పెట్టేవాళ్లం, గడ్డి మాత్రం గుప్పెడు. ముద్దుగా తింటోందని పెట్టాం.

బరువు 1,790 గ్రాములు. రోజూ ఒకే వేళకు తూచమన్నారు. ఎదురింటి కిరాణా ఆయన తక్కెడ వాడుకోమన్నారు.

ఇప్పుడే ఆరు పెంటికలు వేసింది. చిన్నవే. మా అమ్మాయి కాగితం మీద రాసి పెట్టింది.

వెటర్నరీ_గుణుపురం | మార్చి 13, రాత్రి 10:55

చాలా సంతోషం అక్కా. ఆ కాగితం మానకండి. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకు వందకు పైనే వేస్తుంది, అంతదాకా వచ్చేవరకూ రాయండి. ఈ పళ్లు మళ్లీ పెరగొచ్చు కూడా. రెండు నెలలకోసారి చూపిస్తూ ఉండండి.

తెల్లవారుజామున ద్రాక్షగుత్తిలా మెత్తగా, మెరుస్తూ, వాసన వచ్చే ఉండలు తన కిందినుంచే తీసుకుని తింటుంది. అపరిశుభ్రమని ఆపకండి. అది మామూలు మలం కాదు. విటమిన్లు అందులోనే ఉంటాయి. నోరు నొప్పి ఉన్నన్నాళ్లూ వంగి తినలేక అవి తోక కింద అంటుకుని ఉండొచ్చు, ఒకసారి చూసి తడిగుడ్డతో తుడవండి. స్నానం మాత్రం చేయించకండి.

కోరాపుట్_కొండగాలి | మార్చి 14, ఉదయం 7:30

పత్తి కోలుకుంటున్నందుకు హాయిగా ఉంది. మాది కూడా తెల్లది, ఎర్ర కళ్లది. కూర్చుని తల నెమ్మదిగా ఇటూ అటూ ఊపుతుంది, పాముపిల్లలా. వాతమేమో అని భయం. ఇంకా, వెల్లకిలా ఒళ్లో పడుకోబెడితే కదలకుండా నిద్రపోతుంది. అది మంచిదేనా?

పర్లాకిమిడి_మాస్టారు | మార్చి 14, ఉదయం 8:10

ఎర్ర కళ్లలో రంగునిచ్చే పదార్థం ఉండదు, చూపు తక్కువ. తల ఊపి దూరం అంచనా వేసుకుంటుంది. భయం లేదు. తల ఒక పక్కకు వాలిపోయి నిలబడకపోతే, గుండ్రంగా పొర్లితే అది జబ్బు, వెంటనే వెళ్లాలి. దాని ముక్కు ఎదుట కొంచెం మేర దానికి కనిపించదు, కాబట్టి చెయ్యి ముక్కు ముందుకు పెట్టకుండా పక్క నుంచి, నుదుటి మీదకు తీసుకెళ్లండి.

వెల్లకిలా పడుకోబెట్టడం మాత్రం ఈ రోజుతో మానేయండి. అది నిద్ర కాదమ్మా. నక్క నోట్లో పడ్డ కుందేలు చచ్చినట్టు పడుంటుంది చూడండి, అది. గుండె లోపల పరుగెడుతూ ఉంటుంది.

కోరాపుట్_కొండగాలి | మార్చి 14, ఉదయం 8:25

అయ్యో. వీడియోల్లో చూసి నిద్రే అనుకున్నాం. పిల్లలకు ఇప్పుడే చెప్పాను, ఇక చేయం.

పత్తిపువ్వు_రాయగడ | మార్చి 19, ఉదయం 6:20

ఐదు రోజులు రాయలేకపోయాను, ప్రతి రెండు గంటలకూ సిరంజి.

మొన్న సాయంత్రం గరిక తనే తింది. ఒక్కొక్క పోచ, మొదలు నుంచి కొస దాకా, లోపలికి లాక్కుంటూ. ఆ కరకర వినడానికి మా అత్తగారు కూడా వచ్చి నేల మీద కూర్చున్నారు. నిన్న రాత్రి ఎత్తుకోబోతే గింజుకుని నా మోచేతి మీద గీరింది. మా ఆయన చూసి "మళ్లీ మొదలెట్టింది" అన్నారు. ఆ గీత మీద పసుపు రాసుకుంటూ నేను నవ్వుతూనే ఉన్నాను.

ఇవాళ ఐదూ నలభైకి వసారా తలుపు తీశాను. కాసేపు గడప మీద కూర్చుంది. ముక్కు గబగబా ఆడింది. తర్వాత తులసికోట దాకా పరుగెత్తి, తిరిగొస్తూ మధ్యలో ఎగిరింది. అంత ఎత్తు కాదు, ఒక జానెడు. కానీ తల ఒక పక్కకు, కాళ్లు ఇంకో పక్కకు.

కాగితం మీద నిన్నటి లెక్క 131. బరువు 1,850. నాగావళి ఒడ్డుకు గరిక కోసం వెళ్తున్నాం, మా అమ్మాయి ఇప్పటికే సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.